మౌనసామి సమాధి: శిలాఫలకం మీద లేని పేర్లు

గౌతమి పాయలోని ఒక లంక ఊళ్లో మౌనసామి సమాధి గొడవ మళ్లీ రేగింది. తీర్థంలో దుకాణాల వేలంపాట ఎవరు పెట్టాలన్న దగ్గర మొదలై, కొత్త మండపం పని ఆగిపోయేదాకా వెళ్లింది. వ్యవహారం దేవాదాయ ట్రిబ్యునల్ ముందు ఉంది కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

సామి రేవులో పడవ దిగడం, చచ్చేదాకా నోరు విప్పకపోవడం, పాము పడగ పట్టిన కథ, ఇవన్నీ అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇవాళ్టి తగువు వాటిలో లేదు. అది 1986 ఆగస్టు వరదలో ఉంది.

ఆ నెలలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. అప్పటికి సామి సమాధి అంటే ఒక మట్టి తిన్నె, దాని మీద తాటాకు పాక, సాయంత్రం ఒక దీపం. అంతే. నీళ్లు తీశాక పాక లేదు, తిన్నె ఒండ్రు కింద పడిపోయింది. ఆ చోటు ఫలానా అని చూపించినవాళ్లు రేవు పక్కన ఉండే పడవ నడిపే కుటుంబం. సామి బతికున్నన్నాళ్లూ గిన్నెలో అన్నం తీసుకెళ్లి పాక బయట పెట్టింది ఆ ఇంటివాళ్లే. పోయినప్పుడు సన్యాసులకి చేసినట్టే కూర్చోబెట్టి, ఉప్పు, విభూతి పోసి పూడ్చిందీ వాళ్లే. ఒండ్రు తవ్వి తిన్నె అంచు బయటపెట్టడానికి ఇంటిల్లిపాదీ గునపాలు పట్టుకున్నామని, తమ ఇల్లు అప్పటికింకా లేవలేదని ఆ ఇంటి పెద్దావిడ చెబుతుంది. ఇసక, ఇటుక ఏరు దాటించింది కూడా వాళ్ల నావే. రేవు డబ్బులు తీసుకోలేదు.

సిమెంటు గది లేచింది. గుమ్మం పక్కన శిలాఫలకం పెట్టారు, లోపల హుండీ పెట్టారు. ఫలకం మీద నగదు ఇచ్చినవారి పేర్లు, అన్నిటికంటే పైన స్థలదాత పేరు చెక్కారు. చాకిరీ చేసినవాళ్ల పేర్లు చెక్కలేదు. అప్పుడు ఎవరూ అడగలేదు కూడా. పేరు కోసం ఎవరు చేశారు గనక? నా లెక్కలో మొత్తం వ్యవహారం మలుపు తిరిగింది ఆ రాయి దగ్గరే.

ఎందుకంటే మరుసటి ఏడాదే, 1987లో, రాష్ట్రంలో కొత్త దేవాదాయ చట్టం వచ్చింది. అందులో 16వ సెక్షన్ వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. 2007 సవరణ మాత్రం స్థాపకుల కుటుంబానికి మళ్లీ తలుపు తీసింది: ఆ కుటుంబం నుంచి ఒకరికి ధర్మకర్తల మండలిలో చోటు, అధ్యక్ష స్థానం. హుండీలో చిల్లర పడినన్నాళ్లూ ఇది ఎవరికీ పట్టలేదు. వంతెన వచ్చి, కార్లలో భక్తులు రావడం మొదలయ్యాక స్థాపకులు ఎవరన్నది పెద్ద ప్రశ్న అయింది. నమోదు దరఖాస్తు పెట్టింది స్థలదాత మనవలు ఉన్న సమాధి కమిటీ. రుజువుగా జత చేసింది శిలాఫలకం ఫొటో.

కమిటీ వాదన చిన్నది: భూమి మా తాతగారి పట్టా, దానపత్రం రిజిస్టరు అయింది, భూమి లేకుండా సమాధి ఎక్కడిది? కాగితం ఉన్న మాట నిజమే. కానీ ఆ దానపత్రం వరద తరవాతది. అది రాసేనాటికే సామి ఆ మట్టిలో ఉన్నాడు, దీపం వెలుగుతోంది.

ఇక్కడ ఒక పాత తీర్పు గుర్తు చేసుకోవాలి. 1953లో సరస్వతి అమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు, మామూలు మనిషి సమాధి పూజ కోసం ఆస్తిని శాశ్వతంగా రాసిపెట్టడం హిందూ ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదని చెప్పింది. జనం దేవుడిగా కొలిచే సాధువుల సంగతి వేరని కూడా అంది. అంటే కొబ్బరితోటలో ఓ మూల చోటు ఇచ్చినంత మాత్రాన అది ధర్మసంస్థ అయిపోదు. అక్కడున్నది సాధువని నమ్మి కొలవడం మొదలవ్వాలి. ఈ ఊళ్లో ఆ కొలుపు ఏ ఇంటి నుంచి మొదలైందో ముసలివాళ్లని అడిగితే రేవు వైపే చూపిస్తారు. కమిటీలో ఉన్న ఒకరిద్దరు కూడా విడిగా ఆ మాట కాదనరు.

పడవ కుటుంబం మొత్తం పెత్తనం అడగడం లేదు. దరఖాస్తులోని స్థాపకుల గడిలో తమ ఇంటిపేరు కూడా చేర్చాలని, ఆరాధన రోజున మొదటి దీపం ఎప్పటిలాగే తమ ఇంటి ఆడవాళ్లు పెట్టాలని అడుగుతోంది. దీపం సంగతి మాట్లాడుకోవచ్చని, పేరు మాత్రం కుదరదని కమిటీ అంటోంది. పేరు చేరితే అధ్యక్ష స్థానం మీద హక్కు వస్తుందన్నదే వాళ్ల టెన్షన్.

సామిని పూడ్చినప్పుడు చూసినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. వాళ్ల వాంగ్మూలాలు ముందుగా నమోదు చేయాలని పడవ కుటుంబం అర్జీ పెట్టింది. కమిటీ అభ్యంతరం చెప్పింది. దాని మీద ఇంకా ఉత్తర్వు రాలేదు.