పక్షవాతం తర్వాత పీల్చే గాలి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎవరికైనా పక్షవాతం వచ్చిందని తెలియగానే ఇంట్లో పెద్దలు మూడు మాటలు అంటారు: బీపీ, షుగర్, సిగరెట్. మూడూ నిజమే. వాటి సరసన మన ఇళ్లల్లో ఇంకా చేరని మాట ఒకటుంది, బయటి గాలి. ఆ జబ్బు రావడంలోనే కాదు, వచ్చి బతికి బయటపడ్డవాళ్లు ఆ తర్వాత ఎన్నేళ్లు ఉంటారన్న దానిలోనూ గాలికి పాత్ర ఉన్నట్టు కనిపిస్తోంది. ఈ రెండో సంగతి గురించే మీకు కాస్త వివరంగా రాయాలనిపించింది. పెద్దవాళ్లు కూడా దీన్ని పెద్దగా పట్టించుకోవడం లేదని నా బాధ.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. మన బరువులో మెదడు 2 శాతమే. కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. దానికి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కగట్టారు. మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కాసేపు పడుకుంటే తగ్గిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే.

ఇందులోకి గాలి ఎలా వచ్చిందంటారా? పొగలో ఉండే అతి సన్నని కణాలు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, మరీ చిన్నవి రక్తంలోకీ దిగుతాయి. దాంతో ఒంట్లో వాపు గుణం పెరుగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువవుతుంది. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషి నాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. పైగా ఆ మనిషి ఎక్కువ సమయం ఇంట్లోనే గడుపుతాడు కాబట్టి, ఆ ఇంటి ముందు గాలి ఎలాంటిదైతే అదే పీల్చాలి.

ఇక అసలు సంగతి. దక్షిణ లండన్‌లోని లాంబెత్, సదర్క్ ప్రాంతాల్లో 1995 నుంచి పక్షవాతం రోగుల పేర్లు నమోదు చేసే ఒక రిజిస్టర్ నడుస్తోంది. పేరు రాసుకుని ఊరుకోరు, ఆ మనిషి తర్వాత ఎలా ఉన్నాడో ఏళ్ల తరబడి కనుక్కుంటారు. 1995 నుంచి 2005 దాకా మొదటిసారి పక్షవాతం వచ్చిన 3,320 మంది వివరాలను అందులోంచి తీసుకుని, వాళ్ల ఇళ్ల దగ్గర గాలి ఎలా ఉందో పోల్చి చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ప్రతి ఇంటి ముందూ మీటర్ పెట్టడం అయ్యే పని కాదు కదా. అందుకని 2002 సంవత్సరానికి కాలుష్యాన్ని కంప్యూటర్‌తో లెక్కకట్టి, 20 మీటర్లకో చుక్క చొప్పున అంచనాలు తయారుచేశారు. రోగి ఇంటి పోస్ట్‌కోడ్‌కు అందిన అంకె అతని గాలి అన్నమాట.

ఘనపు మీటరు గాలిలో, బండ్ల పొగలో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు 10 మైక్రోగ్రాములు ఎక్కువగా ఉన్నచోట చనిపోయే ప్రమాదం 28 శాతం ఎక్కువగా కనిపించింది. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వందమందిలో అదనంగా 28 మంది పోయారని దీని అర్థం కాదు. ఒక ఏడాదిలో వందమంది రోగుల్లో 10 మంది పోతారనుకుందాం. గాలి ఆ మేరకు చెడ్డదైన వీధిలో ఆ పది సుమారు పదమూడు అవుతుంది. ఒక్క వీధిలో చూస్తే చిన్న తేడాగా కనిపిస్తుంది. కానీ అది ఏటా జరుగుతుంది, వేలమందికి జరుగుతుంది. రోగులందరినీ కలిపి చూస్తే, వాళ్లలో సగం మంది పోయేందుకు పట్టిన కాలం 3.7 ఏళ్లు. ఆ కాలంలో చిన్న మనవరాలు బడిలో చేరి చదవడం కూడా నేర్చుకుంటుంది. పీఎం 10 అనే ధూళికైతే, అంటే పది మైక్రాన్లకు మించని సన్నని కణాలకైతే, పెరుగుదల 52 శాతం అని వచ్చింది, కానీ ఆ అంకె అంత గట్టిది కాదు. నిజమైన విలువ 6 నుంచి 118 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వాళ్లే రాశారు. ఇలా ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పే పరిశోధన మీద నాకు గౌరవం ఎక్కువ.

మీలో తెలివైనవాళ్లు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. పెద్ద రోడ్ల పక్కన పేదవాళ్లే ఎక్కువగా ఉంటారు కదా, వాళ్లు పోయింది పేదరికం వల్ల కావచ్చు కదా అని. సరైన ప్రశ్నే. అందుకే వయసు, పొగతాగే అలవాటు, జబ్బు తీవ్రత, పాత రోగాలు, ఆ ప్రాంతపు పేదరికం, వీటన్నిటి ప్రభావాన్ని లెక్కలో సరిచేసి చూశారు. తేడా అప్పటికీ మిగిలింది. మొదటి కొన్ని వారాల్లోనే కాదు, గమనించినంత కాలమూ కనిపించింది. అయినా ఇది పూర్తి రుజువు అనను. మనిషి రోజంతా ఇంటి దగ్గరే ఉండడు, ఇల్లు మారొచ్చు కూడా. ఒక్క ఏడాది గాలి మొత్తం కథ చెప్పదు. కానీ ఒంట్లో జరిగేదాని గురించి వైద్యులకు తెలిసినదీ ఈ లెక్కా ఒకే వైపు చూపిస్తున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ రోగుల్లో ఫలానా మనిషి గాలి వల్ల పోయాడని ఏ డాక్టరూ చెప్పలేడు. మరణ పత్రంలో పక్షవాతం అనో, గుండెపోటు అనో, న్యుమోనియా అనో రాస్తారు. వేలమందిని పక్కపక్కన పెట్టి లెక్కేస్తేనే గాలి బయటపడుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది, అదీ ఆ చుట్టుపక్కలే. లాంబెత్, సదర్క్‌లకు దగ్గర్లోని లూయిషమ్‌లో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల అమ్మాయి ఉండేది. ఇంటికి దగ్గరలోనే సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రోడ్డు. ఆమెది పక్షవాతం కాదు, తీవ్రమైన ఆస్తమా. 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. మొదటి విచారణ గాలి సంగతి ఎత్తలేదు. వాళ్లమ్మ రోజమండ్ అక్కడితో ఆగలేదు. నిపుణుల నివేదిక తెచ్చింది, పాత తీర్పు కొట్టేయించింది. 2020 డిసెంబరులో రెండో విచారణ ఎల్లా మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని తేల్చింది. బ్రిటన్‌లో మరణ కారణాల్లో గాలి పేరు అలా రాయడం అదే మొదటిసారి. ఒక తల్లి ఏడేళ్లకు పైగా పోరాడితే ఒక్క కాగితం మీదికి ఆ మాట ఎక్కింది.

ఆ నగరం కొంత మారింది. 2019 ఏప్రిల్ నుంచి లండన్ నడిబొడ్డులోకి పాత డీజిల్ బండి తెస్తే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. ఆ నిబంధన 2023 ఆగస్టుకు నగరమంతా అమల్లోకి వచ్చింది. కొందరు గట్టిగానే వ్యతిరేకించారు, కానీ రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గింది.

మన దగ్గర సంగతి చూడండి. ఆ లండన్ రోగుల ఇళ్ల దగ్గర పీఎం 10 సగటున 25 మైక్రోగ్రాముల దగ్గర ఉండేది. మన దేశంలో చట్టం ఒప్పుకునే వార్షిక సగటే 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 15. మన ధూళిలో రోడ్డు మట్టి, చెత్త తగలబెట్టిన పొగ ఎక్కువ కాబట్టి లండన్ శాతాలను తెచ్చి మన మీద నేరుగా గుణించకూడదు. కానీ మన పక్షవాతం రోగులు ఆ లండన్ రోగుల కంటే ఎక్కువ దుమ్ము పీలుస్తున్నారన్నది మాత్రం నిజం. గాలి హద్దులు దాటిన నగరాల కోసం 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం మూడూ చేరాయి.

ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే రద్దీ వేళ రోడ్డు వైపు కిటికీ మూసి, లోపలి వైపుది తెరవండి. నడకకు మెయిన్ రోడ్డు కాకుండా సందులోకి తీసుకెళ్లండి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పనివ్వకండి, గాలి గురించి ఎంత రాసినా దాని తర్వాతే. వీధిలో ఆకులూ ప్లాస్టిక్కూ తగలబెడుతుంటే వెళ్లి మర్యాదగా చెప్పండి, వినకపోతే పెద్దలతో మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో మీ ఊరు ఉందేమో వెతకండి. ఉంటే ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి తొమ్మిదికి ఆ అంకె రాసుకుని ఒక వారం లెక్క నాకు పంపండి. లేకపోతే దగ్గర్లో గాలి కొలిచే కేంద్రం మీ ఇంటికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య