బండి ఆగితే నింద పంపు మీదే: అపోహలు - వాస్తవాలు

కావలి దగ్గర హైవే పక్కనే మా షెడ్డు. ఒంగోలు వైపు నుంచి వచ్చేవి, నెల్లూరు వైపు నుంచి వచ్చేవి దారిలో మొరాయిస్తే తాడు కట్టి మా దగ్గరికే లాక్కొస్తారు. దిగుతూనే చాలామంది అనే మాట ఒకటే: "పంపు పోయిందన్నా, కొత్తది వేసెయ్." పంపంటే ట్యాంకులోని ఇంధనాన్ని ఇంజన్‌కు పంపే ఫ్యూయల్ పంపు. విప్పి చూస్తే చాలాసార్లు పంపు లక్షణంగా ఉంటుంది.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. అంటే పంపు పోయినట్టే.

ఇది నమ్మి నేనే దెబ్బ తిన్నాను. షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక రొయ్యల గుంటల ఆసామి కారు వచ్చింది. వెనక సీటు లేపి, పంపు కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, పంపు తిరగట్లేదు, ఇంకేం ఆలోచించాలి? కొత్త పంపు వేశాను. అదీ తిరగలేదు. ఆసామి ఏమీ అనలేదు గానీ వేపచెట్టు కింద కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఈసారి కనెక్టర్ తగిలించే ఉంచి, దాని వెనక నుంచి మీటర్ సూదులు దూర్చి చూశాను. 7 వోల్టులు కూడా లేవు. ఎర్త్ వైరు పట్టుకుని పోతే, బాడీకి బిగించిన బోల్టు దగ్గర దాని కొస పచ్చగా చిలుం పట్టి ఉంది. ఉప్పుగాలిలో గుంటల గట్ల మీద నిలబడే బండ్లకు ఇది మామూలే. గీకి బిగించి పాత పంపే మళ్లీ పెడితే చక్కగా తిరిగింది. కొత్త పంపు డబ్బు నా నెత్తిన పడింది.

కనెక్టర్ ఊడదీసి చూసే వోల్టేజీని అందుకే నమ్మకూడదు. లోడు, అంటే కరెంటు లాగే పంపు, తగిలించి లేనప్పుడు చిలుం పట్టిన వైరు కూడా 12 చూపిస్తుంది. ముందు ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్చి), తర్వాత లోడు మీద వోల్టేజీ, ఎర్త్. ఇంకొకటి: తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు మోగి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు మూగబోతే క్రాంక్ సెన్సార్ వైపు చూడాలి. ఇంజన్ తిరుగుతోందన్న కబురు ఆ సెన్సార్ నుంచి అందకపోతే ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పంపును ఆపేస్తుంది.

అపోహ: గుయ్‌మని మోగుతోంది కాబట్టి పంపు బాగున్నట్టే.

మోటారు తిరగడం వేరు, ప్రెషర్ కట్టడం వేరు. మామూలు ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి 3 నుంచి 4 బార్ ప్రెషర్ ఉండాలి. అసలు అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఐడిల్‌కు పెట్రోలు కొంచెం చాలు కాబట్టి నీరసపడిన పంపు కూడా షెడ్డులో బుద్ధిగానే ఉంటుంది. ఏసీ వేసి, నలుగురు ఎక్కి, ఫ్లైఓవర్ ఎక్కించినప్పుడు పికప్ పడిపోతుంది. అప్పుడు ప్రెషర్ గేజ్ పెట్టాలి. పంపు అడుగున పెట్రోలు వడకట్టే జాలీ మూసుకుపోయినా ఇదే వరస. ఇంజన్ ఆపాక గేజ్ ముల్లు చకచకా దిగిపోతే పంపులోని వాల్వో, ఇంజెక్టరో వదులుతున్నట్టు. పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడానికి అదొక కారణం.

అపోహ: రిజర్వ్‌లో నడిపితే అడుగున ఉన్న చెత్త పంపులోకి పోతుంది.

ట్యాంకు నిండా ఉన్నా పంపు తాగేది అడుగు నుంచే. అసలు బాధ వేడి. పెట్రోలు మోటారు గుండానే పారుతూ దాన్ని చల్లబరుస్తుంది. రోహిణి కార్తె ఎండలో, గ్లాసెడు పెట్రోలుతో, మలుపు తిరిగినప్పుడల్లా గాలి పీల్చుకుంటూ తిరిగే పంపు ఎన్నాళ్లు బతుకుతుంది? పావు ట్యాంకు తగ్గకుండా చూసుకోండి. రిజర్వ్ నాబ్ తిప్పి నడిపిన రోజుల అలవాటును ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బైకుల మీద కూడా కొనసాగించేవాళ్లకూ ఇదే మాట.

అపోహ: ఎండకు ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వెయ్యాలి.

కార్బురేటర్ కార్లకు పంపు ఇంజన్ పక్కనే ఉండేది. వేడికి లోపల పెట్రోలు ఆవిరై పట్టేస్తే తడిగుడ్డ నిజంగానే పనిచేసేది. ఇప్పుడు పంపు ట్యాంకులో మునిగి ఉంది. ఒకాయన బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు మీద తడి తువ్వాలు పరిచి తెచ్చాడు! బండి అరగంట ఆగాక మళ్లీ స్టార్ట్ అవుతోందంటే పంపు ముసలిదై ఉండొచ్చు. అది ఆగిపోయినప్పుడే, వేడి మీదే చెక్ చేయించండి.

అపోహ: ట్యాంకు కింద గుద్దితే పంపు బాగవుతుంది.

స్టార్ట్ అవుతుంది, అబద్ధం కాదు. చాలాసార్లు మోటారు బ్రష్షులు అరిగిపోయాయని అర్థం. ఆ గుద్దుతో నేరుగా షెడ్డుకు రండి, తిరుపతి ప్రయాణం పెట్టుకోవద్దు.

అపోహ: ఎథనాల్ పెట్రోలు వల్లే పంపులన్నీ పోతున్నాయి.

అన్నింటికీ అదే కారణం కాదు. పాత బండ్లలో రబ్బరు భాగాలను మాత్రం గమనించాలి. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ మోతాదు మించితే నీళ్లు విడిపోయి అడుగుకు చేరతాయి. నెలల తరబడి కదలని బండికి ఆ ఇబ్బంది ఎక్కువ.

అపోహ: డీజిల్ బండిలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూస్తే పంపు సంగతి తేలిపోతుంది.

పాత లారీల్లో అలాగే గాలి తీసేవాళ్లం. చీమకుర్తి రాళ్ల లారీల డ్రైవర్లలో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ స్పానర్ అందుకుంటారు. కామన్ రైల్ ఇంజన్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకంలో) ఆ పని చెయ్యొద్దు. ఆ పైపులో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా కట్టు కట్టుకుని పనిలో పడకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌తో డీజిల్ లోపలికి దూరిందని డాక్టరుకు చెప్పాలి.