‘50 కేబీ చేసి ఇవ్వండి చాలు’: దరఖాస్తు ఫోటోల గురించి అపోహలు - వాస్తవాలు

బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు చివరి రోజు వచ్చిందంటే మా స్టూడియో గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి లోపల వ్రతం జరుగుతోందనుకుంటారు. వచ్చిన ప్రతివారిదీ ఒకటే మాట: “అన్నా, ఈ ఫోటో 50 కేబీ చేసి ఇవ్వండి, చాలు.” ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. తిప్పలన్నీ ఆ ‘చాలు’ దగ్గరే మొదలవుతాయి.

అపోహ: కేబీ తగ్గితే పని అయిపోయినట్టే. సైటు తీసుకుందంటే ఫోటో బాగున్నట్టే.

వాస్తవం: కేబీ ఫైలు బరువు. పిక్సెల్స్ అంటే ఫోటోలోని చుక్కలు, అవి ఫోటో కొలత. ఒకటి తగ్గిస్తే రెండోది దానంతట అదే సరిపోదు.

లెక్క చూడండి. ఫోనుతో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 x 3000 ఉంటుంది. అంటే కోటీ 20 లక్షల పిక్సెల్స్. 50 కేబీ అంటే సుమారు 4 లక్షల బిట్లు. బిట్టు అంటే ఫైలులో సమాచారానికి అతి చిన్న ముక్క. కొలత ముట్టుకోకుండా బరువు మాత్రం 50 కేబీకి దించమంటే ఒక్కో బిట్టును ముప్పై పిక్సెల్స్ పంచుకోవాలి. ముప్పై మందిని పంక్తిలో కూర్చోబెట్టి ఒక్క ఇడ్లీ వడ్డించినట్టు. ఫోటోల బరువు తగ్గించి దాచే జేపీజీ పద్ధతి ఫోటోను 8 x 8 పిక్సెల్స్ గళ్లుగా చూస్తుంది. బిట్లు చాలనప్పుడు గడి మొత్తానికీ ఒకే రంగు పూసి ఊరుకుంటుంది. ముఖం గళ్ల లుంగీలా తయారయ్యేది అందుకే. అదే ఫోటోను ముందు 200 x 230కి తెస్తే ఉండేది 46 వేల పిక్సెల్స్. అదే 50 కేబీలో ఒక్కోదానికి ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు, ఇచ్చినా ఇంకా మిగులుతుంది. కనుబొమ్మ వెంట్రుకలు కూడా కనిపిస్తాయి.

కాబట్టి ముందు క్రాప్ (కత్తిరింపు), తరవాత రీసైజ్ (కొలత తగ్గింపు), అన్నిటికన్నా చివర కేబీ. ఈ వరుస తిరగబడితే ఫోటో పాడవుతుంది. పైగా ఒకసారి పారేసిన వివరం ఏ యాప్‌తోనూ వెనక్కి రాదు.

ఇక సైటు చూపించే పచ్చ టిక్కు. చాలా సైట్లు చూసేది ఫైలు రకాన్నీ బరువునీ మాత్రమే. గేదె ఫోటో 45 కేబీలో పెట్టినా ఆ టిక్కు వస్తుంది. మనిషి కళ్లు ఆ ఫోటో మీద పడేది తరవాతెప్పుడో.

ఒకసారి ఒక తండ్రీ కూతురూ హాల్‌టికెట్ ప్రింటు పట్టుకుని వచ్చారు. పరీక్ష వారంలో ఉంది. ఫోటోలో అమ్మాయి ముఖం అడ్డంగా సాగి ఉంది. “మా పెద్ద చెల్లెలిలా ఉంది కదండీ” అని తండ్రి నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. జరిగింది ఇదీ: స్టూడియోలో తీసే పాస్‌పోర్ట్ సైజు ఫోటో 3.5 x 4.5 సెంటీమీటర్లు. వెడల్పు 200 పిక్సెల్స్ చేస్తే ఎత్తు 257 వస్తుంది. ఫారం అడిగింది 230. అమ్మాయి తమ్ముడు ఫోనులో వెడల్పు, ఎత్తుల పొత్తు చెడకుండా ఆపే నిష్పత్తి తాళం తీసేసి 200, 230 అని కొట్టేశాడు. మిగిలిన 27 పిక్సెల్స్ ఎక్కడికి పోతాయి? నిలువునా నొక్కుకుపోయి ముఖం ఎత్తులో పదోవంతు తగ్గింది. చేయవలసింది చిన్న పని. కింద చొక్కా వైపు ఆ 27 పిక్సెల్స్ కత్తిరించాలి. జుట్టు వైపు కాదు. మార్పులకు ఇచ్చిన గడువు అప్పటికే దాటిపోయింది. మొదటి ఫోటో ప్రతులూ, గుర్తింపు కార్డు అసలుదీ తీసుకెళ్లమ్మా అని చెప్పి పంపాను. లోపలికి పంపారట, కానీ గేటు దగ్గర పక్కన నిలబెట్టి ఇద్దరు ముగ్గురు చూశాకే. పరీక్షకు ముందు ఆ పిల్ల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తప్పు తమ్ముడిది కూడా కాదు. క్రాప్ అంటే కత్తిరించడం, రీసైజ్ అంటే మొత్తాన్ని చిన్నది చేయడం అని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అపోహ: ఒక మంచి ఫోటో ఉంటే అన్ని ఫారాలకూ అదే.

వాస్తవం: ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల ప్రకటనల్లో కనిపించేది 200 x 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. పిల్లలు అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారానికి చచ్చౌక ఫోటో కావాలి. 600 x 600కి తగ్గకూడదు, 1200 x 1200 దాటకూడదు, బరువు 240 కేబీ లోపు. తల ఎత్తు ఫోటో ఎత్తులో 50 నుంచి 69 శాతం మధ్య ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు కూడా తీసేయాలి. పాస్‌పోర్ట్ ఫోటోను చచ్చౌకం చేయాలంటే పక్కన గోడ కావాలి, అది ఎప్పుడో కత్తెరకు పోయింది. అందుకే చుట్టూ తెల్లగోడ వదిలి తీసిన అసలు ఫైలును స్టూడియోలో అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే గట్టిగా అడగండి. అది మీదే.

సంతకాల సంగతి ఇంకోరకం. ఏ4 కాగితం మధ్యలో సంతకం చేసి, కాగితమంతా ఫోటో తీసి, అలాగే ఐబీపీఎస్ అడిగే 140 x 60 పిక్సెల్స్‌కి కుదించి తెస్తారు. తెల్ల దుప్పటి మీద చీమలా ఉంటుంది. 140 x 60 అంటే 7కు 3. పెన్సిలుతో 7 సెంటీమీటర్ల పొడవు, 3 ఎత్తు గడి గీసి, అందులో నల్లసిరాతో నిండుగా సంతకం చేసి, గీతల లోపలికి క్రాప్ చేయండి. పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో మాత్రం రాయకండి, ఐబీపీఎస్ అది ఒప్పుకోదు.

అపోహ: 300 డీపీఐ లేకపోతే తిరస్కరిస్తారు.

ఎవరు పుట్టించారో తెలియదు గానీ ఈ పుకారుతో నాకు ప్రాణం విసిగిపోయింది. డీపీఐ అనేది అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలో ప్రింటరుకు రాసిన చీటీ. 200 x 230 ఫైలు మీద 72 అని రాసినా 300 అని రాసినా తెరపై అవే పిక్సెల్స్. కాగితం ఫోటోను స్కాన్ చేసేటప్పుడు మాత్రం ఆ అంకె నిజంగా పని చేస్తుంది. ప్రింటుకూ అంతే. 3.5 x 4.5 సెంటీమీటర్లు 300 డీపీఐలో చక్కగా రావాలంటే 413 x 531 పిక్సెల్స్ కావాలి. అప్‌లోడ్ చేసిన 200 x 230 ఫైలే తెచ్చి ఎనిమిది కాపీలు వేయమంటే నేనేం చేయను?

మిగిలినవి త్వరగా. ఫైలు పేరు చివర పీఎన్‌జీ చెరిపి జేపీజీ అని రాస్తే ఫైలు మారదు, పేరే మారుతుంది. 20 కేబీ కనీసం అన్నచోట 8 కేబీ ఫైలు పెట్టినా సైటు తిప్పి కొడుతుంది, అసలు ఫైలు నుంచే క్వాలిటీ పెంచి మళ్లీ సేవ్ చేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. 50 అన్నచోట 49.9 దగ్గర ఆటలాడకండి, 45 దగ్గర ఆగండి.

ఏఐతో మెరుగుపరిచే యాప్‌లు ఇప్పుడు కొత్త తలనొప్పి. మొన్న ఒక అబ్బాయి తెచ్చిన ఫోటో అద్దంలా మెరుస్తోంది. పదో తరగతి సర్టిఫికెట్ తీయమన్నాను. గుర్తింపు చిహ్నాల దగ్గర ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని ఉంది. మనిషి బుగ్గ మీదా ఉంది. ఫోటోలో లేదు.

“యాప్ తీసేసిందేమో అన్నా” అన్నాడు.

గోడ దగ్గర నిలబెట్టి ఇంకో ఫోటో తీశాను.