నిద్రలో ఊపిరి సంగతి

తిరుపతి

చిన్నోడికి, పాపకి, అవ్వ ఆశీస్సులు.

"అవ్వా, నిద్రలో ఊపిరి పీల్చుకోవడం మర్చిపోతే ఎట్లా?" అని మొన్న ఫోన్లో అడిగారు. మీ అమ్మ నవ్వింది గానీ అది అడగాల్సిన ప్రశ్నే. ఐసీయూలో నర్సుగా చేసినదాన్ని, రెండు ముక్కల్లో తేల్చేయడానికి మనసొప్పక రాస్తున్నా.

ఆ పని మీ జ్ఞాపకానికి వదిలిపెట్టలేదర్రా. మెడ పైకొసన వేలు పెట్టి చూడండి, పుర్రె అంచు తగులుతుంది. దానికి లోపల, కాస్త ముందుకి, మెదడు కాండం ఉంటుంది. మొత్తం కలిపి మూడంగుళాలు. దాని పైన పెద్ద మెదడు, వెనక చిన్న మెదడు, కింద వెన్నుపాము. అందులో మళ్లీ పైనుంచి మధ్య మెదడు, పాన్స్, మజ్జాముఖం అని మూడు భాగాలు.

ఊపిరి బాధ్యత మజ్జాముఖానిది. అక్కడి నాడీకణాలు లయ తప్పకుండా కబురు పంపుతుంటే పొట్టకీ రొమ్ముకీ మధ్యనున్న డయాఫ్రమ్ కండరం కిందికి దిగుతుంది, గాలి లోపలికొస్తుంది. ఆ లయను పాన్స్ సవరిస్తూ ఉంటుంది. గుండె వేగం, రక్తపోటు, మింగడం, దగ్గు, తుమ్ము, వాంతి అన్నీ ఈ చుట్టుపక్కలే.

అలిపిరి మెట్లు 3,550 కదా. గాలిగోపురం చేరేలోపే చిన్నోడు ఎట్లా రొప్పాడో నాకు గుర్తుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోయి రొప్పుతామని చానామంది అనుకుంటారు. మజ్జాముఖం ముఖ్యంగా లెక్కపెట్టేది కార్బన్ డయాక్సైడ్‌ని. కాళ్లు కదలడం మొదలవగానే కబురు అందుకుని, అది పేరుకుపోకముందే ఊపిరి వేగం పెంచేస్తుంది.

ఇక దారుల సంగతి. గూడూరు, అరక్కోణం, గుంతకల్లు బండ్లన్నీ రేణిగుంట జంక్షన్ మీదుగా పోయినట్టు, ఒంటికీ పెద్ద మెదడుకీ మధ్య నడిచే కబుర్లు దీని మీదుగానే పోతాయి. కాళ్లూ చేతులూ కదిలించే తీగల్లో ఎక్కువ భాగం మజ్జాముఖం అడుగున కుడివి ఎడమకి, ఎడమవి కుడికి దాటుకుంటాయి. అందుకే పెద్ద మెదడులో ఎడమపక్క దెబ్బతింటే పక్షవాతం కుడి చేతికొస్తుంది. వెన్నుపాముతో పనిలేకుండా నేరుగా మెదడుకి అతుక్కునే నాడుల్ని కపాల నాడులంటారు, ఆ పన్నెండు జతల్లో పది జతలు ఈ కాండం నుంచే బయల్దేరతాయి. వాసనదీ చూపుదీ మాత్రమే వేరే చోటు.

పొద్దున మీ అమ్మ కేకకి మిమ్మల్ని మేలుకొలిపేదీ ఇక్కడి నాడీకణాల అల్లికే. 1949లో మొరూజీ, మాగూన్ అనే శాస్త్రజ్ఞులు మత్తులో ఉన్న పిల్లి మెదడు కాండంలో ఈ అల్లికకి సన్నగా కరెంటు ఇస్తే, దాని మెదడు అలలు మెలకువలో ఉన్నట్టు మారిపోయాయి.

మా డ్యూటీలో దీన్ని రోజూ పరీక్షించేవాళ్లం. స్పృహలేని మనిషి రెప్ప ఎత్తి టార్చి వేస్తాం. కంటిపాప చటుక్కున చిన్నదైతే మధ్య మెదడు పలికినట్టు. రెండో కన్నూ చూస్తాం, ఒకదానిలో వెలుగు పడితే రెండూ ముడుచుకోవాలి. కాండం మొత్తం ఆగిపోతే వెంటిలేటర్ గాలి కొడుతుంది, గుండె కొంతకాలం కొట్టుకుంటుంది, కానీ మనిషి తిరిగిరాడు. అవయవదానం విషయంలో మన దేశంలో 1994 చట్టం దాన్నే మరణమంటుంది. అయినా తొందరపడరు, నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించి, కనీసం ఆరు గంటలాగి మళ్లీ పరీక్షిస్తుంది. ఆ మాట ఇంటివాళ్లకి చెప్పే గదిలో నిలబడటం చానా కష్టం. మీకప్పుడే వద్దులే.

పాప పందెం కట్టి ఊపిరి బిగపడుతుందట కదా. గట్టుమీదైతే భయం లేదు, కాసేపటికి మజ్జాముఖం నోరు తెరిపించేస్తుంది. నీళ్లలో మాత్రం వద్దు. ముందే గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఉంటుంది. "చాలు, పైకి రా" అనే హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఈలోగా ఆక్సిజన్ చాలక లోపలే స్పృహ తప్పుతుంది. సెలవుల్లో ఈతకి పోయినప్పుడు ఆ పందెం పెట్టుకోకండి, పెద్దవాళ్లు లేకుండా అసలు దిగకండి.

మీ అవ్వ