మే నెలలోనూ 31 డిగ్రీలే చూపించే డిస్క్

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట వర్చువల్‌బాక్స్‌లోనే (కంప్యూటర్ లోపల ఇంకో నకిలీ కంప్యూటర్‌ని, అంటే వీఎంని, నడిపే సాఫ్ట్‌వేర్) సాధన చేస్తారు. ఆ అలవాటుతో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ హార్డ్‌డిస్క్‌ని కూడా అందులోనే పరీక్షిద్దామంటే కుదరదు. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ ప్రోగ్రామ్ నడిపితే మోడల్ 'వీబాక్స్ హార్డ్‌డిస్క్' అని వస్తుంది. అది ఏ ఫ్యాక్టరీలోనూ తయారైన డిస్క్ కాదు, మీ కంప్యూటర్‌లో ఉన్న ఒక ఫైలు. స్మార్ట్ సదుపాయం (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ఏర్పాటు) లేదని అదే ఒప్పుకుంటుంది కాబట్టి నయం.

వర్చువల్‌బాక్స్ లాంటిదే క్యూఈఎంయూ. దాని సాటా రకం నకిలీ డిస్క్ అలా ఒప్పుకోదు. నిండు స్మార్ట్ పట్టిక ఇచ్చి 'పాస్డ్' అంటుంది. ఉష్ణోగ్రతా చెబుతుంది: 31 డిగ్రీలు. హైదరాబాద్ ఎండల్లో గది 40 దాటినా ఆ అంకె కదలదు, ఎందుకంటే అది ప్రోగ్రామ్‌లో ముందే రాసిపెట్టినది.

మెమరీ పరీక్షదీ ఇదే తంతు. 16 జీబీ ర్యామ్‌లో వీఎంకి 4 జీబీ ఇస్తే మెమ్‌టెస్ట్ ఆ నాలుగే చూస్తుంది. లోపం దొరికినా, వీఎం చూసే అడ్రసు వేరు, చిప్‌లోని అడ్రసు వేరు. ఏ ర్యామ్ స్టిక్ పాడైందో తేలదు. పెన్‌డ్రైవ్‌తో నేరుగా బూట్ చేసి, ఒక్కో స్టిక్‌నీ విడిగా రాత్రంతా నడపాల్సిందే.

వర్చువల్‌బాక్స్‌లో ప్రాసెసర్ పేరు మాత్రం సాధారణంగా నిజమే వస్తుంది, వేడి కనిపించదు. అయితే వీఎంలో ప్రాసెసర్‌పై భారం పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ నడిపితే పుట్టే వేడి అసలుదే. దాన్ని హోస్ట్‌లో, అంటే అసలు కంప్యూటర్‌లో, చూసుకోవాలి.

మరి వీఎం నుంచే అసలు డిస్క్‌ని చూడాలంటే? ప్రాక్స్‌మాక్స్‌లో (వీఎంలు నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) డిస్క్‌ని బై-ఐడీ దారిలో (లినక్స్‌లో డిస్క్ మోడల్, సీరియల్‌తో ఉండే పేరు) తగిలిస్తే చాలదు, గెస్ట్‌లో, అంటే వీఎంలో, మళ్లీ 'క్యూఈఎంయూ హార్డ్‌డిస్క్' అనే వస్తుంది. డిస్క్‌లు తగిలే కంట్రోలర్ కార్డునే అప్పగించాలి: బయోస్‌లో వీటీ-డీ (ఇంటెల్) లేదా ఏఎండీ-వీఐ, అంటే పరికరాన్ని నేరుగా వీఎంకి ఇచ్చే సదుపాయం, ఆన్ చేసి, ఆ కార్డు ఐఓఎంఎంయూ గ్రూపులో (కలిపే అప్పగించాల్సిన పరికరాల గుంపు) ఇంకేవీ లేవని చూసి, కార్డుని వీఎంకి అందించే వీఎఫ్‌ఐఓ-పీసీఐ డ్రైవర్‌కి కట్టాలి. హోస్ట్ బూట్ డిస్క్ కూడా ఆ కార్డు మీదే ఉంటే మొత్తం ఆగిపోతుంది, జాగ్రత్త. ఒక్క డిస్క్ కోసం ఇంత తంటా అక్కర్లేదు. డిస్క్‌ని పెట్టిన యూఎస్‌బీ డాక్‌ని వీఎంకి ఇచ్చి స్మార్ట్‌సీటీఎల్‌ని '-డీ సాట్' ఆప్షన్‌తో అడగొచ్చు; అయితే కొన్ని డాక్‌ల చిప్ ఆ ప్రశ్నని డిస్క్ దాకా పోనివ్వదు. అసలు స్మార్ట్‌సీటీఎల్ విండోస్‌లోనూ నడుస్తుందని, వీఎం అక్కర్లేదని చాలామంది మరచిపోతారు.

ముందు స్మార్ట్‌సీటీఎల్ చూపే సీరియల్ నంబర్‌ని డిస్క్ మీది స్టిక్కర్‌తో సరిచూడండి. కలిస్తేనే లాంగ్ టెస్ట్ (డిస్క్ మొత్తాన్ని చదివే స్మార్ట్ పరీక్ష) పెట్టండి, పెద్ద డిస్క్‌కి గంటల తరబడి పడుతుంది. తర్వాత స్మార్ట్ పట్టికలో 5, 197, 198 వరుసల్లో (పాడైన, అనుమానమున్న భాగాల లెక్క) ముడి విలువలు పెరుగుతుంటే డిస్క్ వెనక్కిచ్చేయండి. 199 (డేటా పంపడంలో వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలాసార్లు సాటా కేబుల్‌దే.