రొమాంటిక్ యుగపు ఆర్కెస్ట్రా సంగీతం: అపోహలు - వాస్తవాలు

ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయించే నాకు, రొమాంటిక్ సంగీతమని పిలిచే పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ సంగీతం గురించి కొన్ని అపోహలు తరచుగా వినిపిస్తుంటాయి. 1830 డిసెంబరు 5న పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన ఫ్రెంచ్ స్వరకర్త హెక్టర్ బెర్లియోజ్ కృతి ‘సింఫొనీ ఫాంటాస్టిక్’ను ఆధారం చేసుకుని వాటికి బదులు చెబుతాను.

అపోహ: రొమాంటిక్ సంగీతమంటే ప్రేమ సంగీతం.

వాస్తవం: ఈ కృతిలో ప్రేమ ఉంది, దానితోపాటు అసూయ, ఒంటరితనం, భయం కూడా ఉన్నాయి. నల్లమందు మత్తులో ఉన్న కళాకారుడు, ప్రేయసిని తానే చంపినట్లూ, అందుకు తనను వధ్యస్థలానికి నడిపిస్తున్నట్లూ కలగంటాడు.

అపోహ: ఆవేశం పొంగిన క్షణంలో స్వరాలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

వాస్తవం: బెర్లియోజ్ 1827లో నటి హ్యారియెట్ స్మిత్సన్‌ను రంగస్థలంపై చూసి మనసు పారేసుకున్న మాట నిజమే. అయితే ప్రేయసికి గుర్తుగా అయిదు భాగాల్లోనూ తిరిగి వచ్చే వరుసను ఆయన కొత్తగా కట్టలేదు. 1828లో ఒక పోటీ కోసం రాసిన ‘ఎర్మినీ’ అనే కృతిలోంచి తీసుకున్నాడు. ఆ వరుసను ఎక్కడ ఎలా మార్చాలన్న లెక్కలోనే ఆయన ఊహాశక్తి కనిపిస్తుంది. కళాకారుణ్ణి వధ్యస్థలానికి నడిపించే నాలుగో భాగం చివర ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా ఆగిపోగా, క్లారినెట్ ఒక్కటే ఆ వరుసను మెల్లగా ఎత్తుకుంటుంది; అది పూర్తికాకముందే వాద్యాలన్నీ కలిసి కత్తి వేటులా విరుచుకుపడతాయి. ఏం జరగబోతోందో తెలిసిన వాద్యకారుడు ముందే ఊపిరి సడలిస్తే ఆ వేటుకు బలం పోతుంది కనుక, తరువాతి స్వరం తప్పక ఉంటుందన్న నమ్మకంతోనే చివరిదాకా వాయించాలి. సాధనలో నాకు అత్యంత కష్టమైనది ఇదే. అయిదో భాగంలో అదే వరుస చిన్న క్లారినెట్‌పై మంత్రగత్తెల గంతుల పాటగా మారిపోతుంది.

అపోహ: కృతి వెనకున్న కథ చదవకుండా వింటే ఏమీ అర్థం కాదు.

వాస్తవం: మొదట్లో కథను అచ్చువేయించి శ్రోతలకు పంచిన బెర్లియోజే, ఈ కృతిని విడిగా కచేరీలో వాయించినప్పుడు భాగాల పేర్లు చాలని తరువాత రాశాడు. మూడో భాగం వినండి. మొదట్లో కార్ ఆంగ్లే అనే వాద్యం పశువుల కాపరిలా పిలిస్తే, వేదిక వెనుక నుంచి ఓబో అనే మరో ఊదే వాద్యం బదులిస్తుంది. చివర్లో కార్ ఆంగ్లే మళ్లీ పిలుస్తుంది. నలుగురు వాద్యకారులు టింపనీలనే పెద్ద డోళ్లపై పలికించే దూరపు ఉరుము తప్ప మరేదీ వినిపించదు. ఓబో పలకదు.