జీతం కోసం రంగం మారేవారికి: పేరోల్ విభాగం నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో పేరోల్ పని చేస్తాను. కొత్తగా చేరేవారి ఆఫర్ లెటర్ లెక్కలు వేయడం, పాత ఉద్యోగాల కాగితాలు పరిశీలించడం, మొదటి నెల జీతం సరిగ్గా పడేలా చూడడం నా పని. ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, మందుల షాపులో ఏళ్ల తరబడి నిలబడ్డ ఫార్మసీ పట్టభద్రులు, మెకానికల్ ఇంజనీర్లు, బ్యాంకు సేల్స్ లక్ష్యాలతో విసిగిపోయినవారు ఇలా రంగం మారి మా దగ్గరికి వస్తుంటారు. పదేళ్లు పాఠాలు చెప్పినా జీతం పాతిక వేలు దాటని మనిషితో ‘ఉన్నచోటే ఉండండి’ అనే హక్కు ఎవరికీ లేదు. మారండి. కానీ ఎవరో చెప్పిన మాట పట్టుకుని కాకుండా, కాగితం చేతిలో పెట్టుకుని లెక్క చూసుకుని మారండి. నాకు తరచూ వినిపించే నమ్మకాలు, వాటి వెనుక ఉన్న నిజాలు ఇవి.

అపోహ: ఆరు లక్షల ప్యాకేజీ అంటే నెలకు యాభై వేలు.

వాస్తవం: ఒక మామూలు ఆఫర్ లెటర్ తీసుకుందాం. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 6,00,000. అందులో మూల వేతనం సగం, అంటే నెలకు 25,000. ఏడాది చివర పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 60,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ మూల వేతనంలో 12 శాతం, అంటే ఏడాదికి 36,000. గ్రాట్యుటీ, అంటే కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం, దాని కోసం పక్కన పెట్టేది సుమారు 14,400. ఆరోగ్య బీమా ప్రీమియం 9,600 అనుకుందాం. ఇవన్నీ కలిపితే 1,20,000. ఆరు లక్షల్లో చేరి కనిపించే ఈ మొత్తం నెల జీతంలో రాదు. మిగిలిన 4,80,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 40,000. అందులోంచి మీ వంతు పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 36,800.

ఇది మోసం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్ మీ డబ్బే. మీరు పీఎఫ్ పింఛను పథకంలో సభ్యులైతే అందులో కొంత పింఛను ఖాతాకు, మిగిలినది మీ పీఎఫ్ ఖాతాకు వెళుతుంది. ఇంతకాలం పీఎఫ్ ఊసే లేని కాలేజీలో పనిచేసినవారికి ఇది నిజమైన లాభం. కానీ ఇంటి ఖర్చు నడిచేది ఆ 36,800తోనే. ఖమ్మంలో సొంత ఇంట్లో ఉంటూ 28,000 తెచ్చుకుంటున్నవారు కూకట్‌పల్లిలో అద్దె, అడ్వాన్సు, పిల్లల బడి ఫీజు, రోజూ రానుపోను ఖర్చు తీసేసి చూడాలి. మొదటి ఏడాది మిగులు తగ్గవచ్చు కూడా. రెండో మూడో ఏట ఎంతకు చేరవచ్చో ఆ రంగంలో ఉన్నవారిని అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.

ఆఫర్ చేతికి రాగానే హెచ్‌ఆర్‌ను రెండు ప్రశ్నలు అడగండి. నెల నెలా ఖాతాలో పడేది ఎంత? గత రెండేళ్లలో వేరియబుల్ పే నిజంగా ఎంత శాతం ఇచ్చారు? ఇవి అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని భయపడేవారు చాలామంది ఉన్నారు. మేము రోజూ జవాబిచ్చే ప్రశ్నలే ఇవి. తటపటాయించకండి.

అపోహ: రంగం మారితే పాత అనుభవమంతా బూడిదలో పోసిన పన్నీరే.

వాస్తవం: అది ఎక్కడికి మారుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆఫర్ నిర్ణయించేటప్పుడు మొత్తం అనుభవం ఒక గడిలో, సంబంధిత అనుభవం మరో గడిలో రాస్తారు. జీతం రెండో గడిని చూసి నిర్ణయిస్తారు. ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పినవారు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరితే ఆ గడిలో సున్నా పడుతుంది. అదే మనిషి ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే విభాగంలోనో, ఆన్‌లైన్ పాఠాలు రూపొందించే సంస్థలోనో చేరితే ఆ ఎనిమిదేళ్లలో కొంత భాగమైనా లెక్కకు వస్తుంది.

అందుకే పూర్తిగా కొత్త చోటికి దూకడం కంటే పక్క గుమ్మంలోకి అడుగుపెట్టడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఫార్మసీ చదివినవారికి ఫార్మకోవిజిలెన్స్ ఉంది. మందుల వల్ల కలిగిన దుష్ప్రభావాల నివేదికలను పరిశీలించి నమోదు చేసే పని అది. అకౌంటెంట్లకు శాప్ (పెద్ద కంపెనీలు లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) ఫైనాన్స్ మాడ్యూల్, బ్యాంకు శాఖలో ఖాతాలు తెరిచినవారికి కేవైసీ, నియమపాలన విభాగాలు దగ్గరి దారులు.

నర్సింగ్, బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివినవారు ఎక్కువగా చూసేది మెడికల్ కోడింగ్ వైపు. అమెరికా ఆసుపత్రుల రికార్డు చదివి, రోగ నిర్ధారణకు ఐసీడీ-10 కోడ్, చేసిన చికిత్సకు సీపీటీ కోడ్ వేయాలి. రెండో రకం మధుమేహం అంటే ఇ11తో మొదలయ్యే కోడ్; దాని వల్ల కిడ్నీ దెబ్బతిందా, కన్ను దెబ్బతిందా అన్నదాన్ని బట్టి చివరి అంకెలు మారతాయి. తప్పు కోడ్ వేస్తే బీమా క్లెయిము తిరస్కరించవచ్చు. వార్డులో కేస్ షీట్లు రాసిన నర్సుకు ఈ పని తొందరగా పట్టుబడుతుంది. శరీర నిర్మాణ శాస్త్రం చదవనివారికి మాత్రం మూడు నెలల కోర్సు చాలదు. మెడికల్ కోడర్ల సర్టిఫికేషన్ అయిన సీపీసీ పరీక్ష పాసైనా అనుభవం లేనివారికి వచ్చే హోదా సీపీసీ-ఎ, అంటే అప్రెంటిస్. తొలి జీతం తక్కువగానే ఉంటుంది. సర్టిఫికేషన్, ఒక స్పెషాలిటీలో పట్టు రెండూ వచ్చాక పెరుగుదల మొదలవుతుంది.

అపోహ: అందరూ పెట్టుకుంటున్నదే, మూడేళ్ల అనుభవం కొనుక్కుంటే ఏమవుతుంది?

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. జీవితాలు దెబ్బతినేది ఇక్కడే.

లేని కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారుచేసి ఇచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. కొందరు పీఎఫ్ కూడా కట్టిస్తామంటారు, దానికి వేరే ధర చెబుతారు. అప్పుచేసి, అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఆ డబ్బు కట్టే పిల్లలున్నారు.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఏం చూస్తారో తెలిస్తే ఎవరూ ఆ డబ్బు కట్టరు. యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యులకు ఇచ్చే ఒకే శాశ్వత నంబరు, దాని కింద ఏ సంస్థలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అన్న సర్వీసు చరిత్ర ఉంటుంది. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెల నెలా జమ కనిపిస్తుంది. పన్ను కోశామని పేస్లిప్పులో ఉంటే ఆదాయపు పన్ను శాఖ రికార్డు అయిన ఫారం 26ఏఎస్‌లో ఆ యజమాని పేరుతో టీడీఎస్ ఉండాలి. జీతం వచ్చిందని చెబితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా అదే సంస్థ నుంచి జమ కనిపించాలి. ‘ఆ మూడేళ్లూ హైదరాబాద్‌లో టెస్టింగ్ చేశాను’ అన్నవారి యూఏఎన్‌లో అదే మూడేళ్లూ వాళ్ల ఊరి కాలేజీ యాజమాన్యం కట్టిన పీఎఫ్ కనిపించినప్పుడు ఇక మాట్లాడడానికి ఏమీ ఉండదు. చేరి ఏడాది గడిచాక బయటపడినా ఉద్యోగం పోతుంది, ఆ సంస్థ నుంచి అనుభవ పత్రమూ రాదు. నకిలీ పత్రాన్ని అసలుదిగా చూపడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం కూడా.

ఇంకో విషాదం ఉంది. అంతకుముందు కాలేజీలో చేసిన నిజమైన ఎనిమిదేళ్లను ఆ అబద్ధం కోసం రెజ్యూమెలోంచి చెరిపేస్తారు. నిజం చెప్పి ఫ్రెషర్ జీతానికి చేరినవారు రెండేళ్లకు ధైర్యంగా మరో చోటికి వెళ్లగలుగుతారు. అనుభవం కొనుక్కున్నవారికి ప్రతి కొత్త వెరిఫికేషన్‌కూ నిద్ర పట్టదు.

అపోహ: ప్రైవేటు బడి టీచర్లకు గ్రాట్యుటీ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. 2009 సవరణ చట్టం ఉపాధ్యాయులను అప్పటి గ్రాట్యుటీ చట్టం పరిధిలోకి తెచ్చింది. అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దీన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పునిచ్చింది. పది మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలో ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేసి రాజీనామా చేసినా ఈ డబ్బు మీకు రావాలి. లెక్క ఇలా: చివరి నెల మూల వేతనం, డీఏ కలిపి పదిహేనుతో గుణించి, ఇరవై ఆరుతో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 20,000 వేతనంతో ఏడేళ్లు చేసినవారికి దాదాపు 80,800 వస్తుంది. రంగం మారే టీచరుకు కోర్సు ఫీజు, రెండు మూడు నెలల ఇంటి ఖర్చు ఇందులో వెళ్లిపోతాయి. అడగకుండా వదిలేసి, అదే కోర్సు కోసం అప్పుచేసినవారిని చూస్తే నాకు బాధేస్తుంది. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

నాలుగేళ్ల పది నెలలకు రాజీనామా ఇవ్వబోతున్నారా? మరో రెండు నెలలు ఆగగలిగితే ఆగండి. ఐదేళ్లకు కాస్త ముందే అర్హత వస్తుందన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది గానీ, దాని మీద ఆధారపడి తేదీ నిర్ణయించుకోవద్దు.

అపోహ: ఉద్యోగం మారగానే పీఎఫ్ తీసేసుకోవడమే మంచిది.

వాస్తవం: మొత్తం ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే ఆ డబ్బు పన్ను పరిధిలోకి వస్తుంది. పాత ఖాతాను కొత్త సంస్థకు బదిలీ చేసుకుంటే రెండు చోట్ల చేసిన కాలమూ కలుస్తుంది. పింఛనుకు పదేళ్లు కావాలి. మధ్యలో పింఛను డబ్బు తీసేస్తే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. రంగం వేరైనా యూఏఎన్ ఒక్కటే. కొత్త సంస్థలో చేరేటప్పుడు పాత నంబరే ఇవ్వండి, రెండోది తీసుకోవద్దు.

అపోహ: ముప్పై ఐదు దాటితే ఎవరూ తీసుకోరు.

వాస్తవం: ఫ్రెషర్ల బ్యాచ్‌లలో కష్టమే. కానీ పక్క గుమ్మం దారిలో ఆ వయసువారు చేరుతూనే ఉన్నారు.

అపోహ: ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టారంటే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: అమీర్‌పేటలో మంచి బోధకులు ఉన్నారు, వారి దగ్గర నేర్చుకుని నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. మీరు కొంటున్నది పాఠమే, ఉద్యోగం కాదు. ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తారా అన్నది రసీదు మీద రాసి ఉంటేనే లెక్క. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం శిక్షణ సంస్థకు గానీ కన్సల్టెన్సీకి గానీ ఇవ్వకండి.

రాజీనామా ఇచ్చేముందు ఇంకొన్ని పనులు. కొత్త ఆఫర్ లెటర్ సంతకంతో చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. పాత సంస్థ ఈమెయిల్ మూసేయకముందే పేస్లిప్పులు, ఫారం 16లు సొంత మెయిల్‌కు పంపుకోండి. ఏడాది మధ్యలో మారితే పాత సంస్థలో వచ్చిన ఆదాయాన్ని కొత్త సంస్థకు చెప్పండి. రెండు చోట్లా స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి పన్ను లేకుండా మినహాయించే స్థిర మొత్తం) లెక్కిస్తే రిటర్ను వేసేటప్పుడు పన్ను ఒక్కసారిగా మీద పడవచ్చు. రిలీవింగ్ లెటర్ మీది తేదీ, పీఎఫ్ రికార్డులో మానేసిన తేదీ ఒకటేనా అని చూడండి. పాత యాజమాన్యం ఆ తేదీ నమోదు చేయకుండా నాన్చితే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. తేదీ ఒకసారి వేశాక మార్చడం కష్టం, లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.